అరకిలో తేనె, అరలీటరు తేనె

మా ఎదురింటి రూతు శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో ఆరేళ్లుగా గిన్నెలు తోముతోంది. పుట్టిల్లు పులికాట్ ఒడ్డున. చేపల పులుసు ఉడుకుతుంటే ఆవిరి వాసనకే ఉప్పు చాల్లేదని చెప్పేస్తుంది. అంత చెయ్యి ఉన్న మనిషికి పొయ్యి దగ్గర పని ఎందుకివ్వరని నేను అడగని వారం లేదు.

ఆమధ్య ఒక శనివారం క్యాంటీను పెద్ద వంటాయన రాజారత్నం ఆమెకొక కాగితం ఇచ్చాడు. సోమవారానికి నలభై కొర్రపిండి ఉండలు చేసి తేవాలి. ఉండలు నిలిస్తే వంటపని, విడిపోతే మళ్లీ గిన్నెలే. కొర్రపిండి కిలో, తేనె ఐదు వందల ఎం.ఎల్., నెయ్యి ఇంత అని అందులో రాసి ఉంది. ఆ సాయంత్రమే రూతు కొర్రలు దోరగా వేయించి మిల్లులో పట్టించుకొచ్చింది.

ఆదివారం చర్చి అయ్యాక నేను పోయేసరికి ఉండల పళ్లెం ముందు రూతు తల పట్టుకుని కూర్చుని ఉంది. ఒక ఉండ తీశాను. చేతిలోనే పొడిపొడి అయిపోయింది.

"మిల్లోడు పిండి మోటుగా పట్టినాడు పెద్దమ్మా."

"మెత్తగానే ఉండాది గదే. తేనె ఎంత పోసినావు?"

"కాగితంలో ఉండేంత. సీసా మొత్తం."

మంచం మీద నుంచి ఆమె మొగుడు ఇమ్మానుయేల్ అందుకున్నాడు. "అది కల్తీ తేనె. నేను అప్పుడే అనుకున్నా."

"ఎప్పుడు? నాలుగు ఉండలు మింగేదాకా నీ నోరు యాడ తెరుచుకునింది?" అంది రూతు. తర్వాత గొంతు తగ్గించి, "రేపు పోయి నాకు చేతకాలేదని చెప్పేస్తా పెద్దమ్మా," అంది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఖాళీ సీసా మీద ఉన్నదంతా చదివాను. ఐదు వందల గ్రాములు అని ఉంది. కాగితం మళ్లీ చదివాను. అక్కడ ఎం.ఎల్.

"ఇది తూకం, అది కొలత కదే."

"రెండూ ఐదు వందలే కదా."

"ఒకే పడితో కొలిచిన బొరుగులు, బియ్యం ఒకే తూకం తూగుతాయా? నీళ్ల కంటే తేనె బరువు. అరకిలో తూగేదానికి అరలీటరు కన్నా తక్కువ తేనె చాలు."

మా మనవరాలి పాలసీసా తెచ్చాను. దాని మీద ఎం.ఎల్. గీతలుంటాయి. తేనె సీసాలో తేనె ఉండిన జిగురు గుర్తు దాకా నీళ్లు పోసి, ఆ నీళ్లను పాలసీసాతో రెండు విడతలుగా కొలిచాం. మూడు వందల యాభై వచ్చాయి. అంటే నూట యాభై తక్కువ పడింది.

"తక్కువ పడింది కాబట్టి సరిపోయింది. ఎక్కువ పోసుంటే తీసేదానికి అవుతుందా?" అన్నాను. రూతు మొహంలోకి అప్పుడు నెత్తురు తిరిగింది.

ఇమ్మానుయేల్ ఇంకో సీసా తెచ్చాడు. తేనె అంటుకోకుండా జారాలని పాలసీసా లోపల నెయ్యి పూసి, నూట యాభై గీత దాకా పోశాం. రూతు ఉండలన్నీ చిదిపి, ఆ పిండిని గోరువెచ్చగా చేసి, తేనె కలిపి పిసికింది. నలభై రెండు ఉండలు వచ్చాయి. ఒక్కటీ విరగలేదు.

సోమవారం సాయంత్రం బస్సు దిగి నేరుగా మా వసారాలోకి వచ్చింది.

"రాజారత్నం సారు ఒకదాన్ని కిందేసినాడు పెద్దమ్మా."

"తినేదాన్ని కిందేస్తాడా? వానికేం రోగం?"

"నిలుస్తాదా లేదా అని చూసేదానికి. దొర్లింది గాని పగల్లేదు. ఇంకోటి తిన్నాడు. ఇంకోటి జేబులో ఏసుకున్నాడు. బుధవారానికి నాలుగు వందలు చెయ్యమన్నాడు. పది కిలోల పిండి, ఐదు లీటర్ల తేనె. స్టోరుకు నన్నే చీటీ రాయమన్నాడు."

"తేనె ఎంతని రాసినావు?" అని అడిగాను.

"ఏడు కిలోలు. కిలోకి ఏడు వందల ఎం.ఎల్. కదా, ఏడు కిలోలకి నాలుగు లీటర్ల తొమ్మిది వందలు. తక్కువైన గుక్కెడు నెయ్యితో సర్దుతా. ఏడెందుకని అడిగినాడు. చెప్పినా. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పినాక సంతకం పెట్టేసినాడు."

నేను కూర్చోమన్నాను. రూతు కూర్చోలేదు. రేపటి నుంచి అరగంట ముందే పోవాలట. పొయ్యి ముట్టించేది తనే కదా మరి.