బియ్యం అత్త సంచి

శుక్రవారం పొద్దున్న పాస్టరుగారు ఫోన్ చేసి, బియ్యం అత్త ప్రభువునందు నిద్రించిందని చెప్పారు. నేనప్పుడు వంటింట్లో ఉన్నాను. బియ్యం కడగబోతున్నాను. ఫోన్ పెట్టేశాక ఏం చెయ్యాలో తోచలేదు. అలవాటు ప్రకారం ఒక పిడికెడు బియ్యం తీసి గూట్లో ఉన్న డబ్బాలో వేశాను. ఆ తర్వాతే కుర్చీలో కూర్చున్నాను.

ఆ పిడికెడు గురించి చెబితే ఆమె గురించి చెప్పినట్టే. మీలో కొందరికి ఈ ఆచారం తెలిసే ఉంటుంది. చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో మిషనరీల కాలంనాటి చర్చి ఉంది. ఆ చర్చి ఇళ్లలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం వేసే ముందు ఒక పిడికెడు తీసి, దేవుడికని వేరే డబ్బాలో వేస్తారు. పూటకొక పిడికిలి. శనివారం అదంతా ఒక సంచిలోకి చేరుతుంది. ఆదివారం ఆరాధనలో, పాస్టరుగారు నిలబడే చోట పెట్టిన పెద్ద గంపలోకి పోస్తారు. తర్వాత ఊళ్లో ఒంటరిగా బతికే ముసలివాళ్లకు వెళ్తుంది.

ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం తెచ్చేది ఆమె. నలభై ఏళ్లు తెచ్చింది. ఊరందరికీ బియ్యం అత్త. నా భార్య ఆమెను పిన్ని అనేది కాబట్టి నాకు వరసకు కూడా అత్తే.

పిండి బస్తా గుడ్డతో కుట్టిన తెల్ల సంచి, రబ్బరు చెప్పులు, ఎండకీ వానకీ ఒకే గొడుగు. వీధిలోంచి పిలిచేది గాని పిలవకుండా గుమ్మం ఎక్కేది కాదు. డబ్బా మీద చెయ్యి వేసేది కాదు. సంచి మూతి రెండు చేతులా తెరిచి పట్టుకుని నిలబడేది. ఇంటివాళ్లే పొయ్యాలి. ఎవరైనా డబ్బా చేతికివ్వబోతే ఒకటే మాట.

“పొయ్యాల్సింది నువ్వు. నాను సంచి పట్టుకునీదాన్నే.”

పోస్తున్నప్పుడు సంచిలోకి చూసేది కాదు. ఎవరెంత పోశారో ఆమెకు అక్కర్లేదు. పోసేవాళ్ల ముఖం చూసేది. ఎవరింట్లో జ్వరమో, ఎవరింట్లో మాటల్లేవో ఆ చూపుతోనే పట్టేసేది.

నేను పుట్టింది చర్చి ఇంట్లో కాదు. మాది వరి పండించే కుటుంబం, గుళ్లూ పండగలూ ఉన్న ఇల్లు. నేను చదువుకుని కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పాను. నా భార్య బడిలో టీచరు. ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం. చేసుకునేటప్పుడే ఒక ఒప్పందం. ఆమె చర్చికి వెళ్తుంది, నేను అడ్డు చెప్పను. నేను రాను, ఆమె రమ్మనదు. ఇద్దరం మాట తప్పలేదు.

ఇరవయ్యారేళ్లు ప్రతి ఆదివారం ఆమెను స్కూటరు మీద తీసుకెళ్లి చర్చి గేటు దగ్గర దింపాను. ఎదురుగా టీ కొట్టు. ఆరాధన అయ్యేవరకూ బల్ల మీద పేపరు చదువుతూ కూర్చునేవాణ్ణి. లోపలికి వెళ్లే ముందు ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి చూసేది. ప్రతి వారమూ చూసేది. నేను పేపరు ముఖానికి అడ్డంగా ఎత్తి పట్టుకునేవాణ్ణి.

బియ్యం అత్తకు మాత్రం మా ఒప్పందంతో పని లేదు.

“ఏటి అల్లుడా, గేటుకి కాపలా కాస్తన్నావా?”

“మీ దేవుడికి కాపలా ఉండాలి కదత్తా.”

“ఆయనకెందుకూ కాపలా? తప్పిపోయినోడు నువ్వూ. నీకే కావాల.”

టీ కొట్టువాడితో సహా అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

మూడేళ్ల క్రితం నా భార్య పోయింది. విశాఖలో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. పన్నెండో రోజు ఇంటికి తెచ్చాం. దాని గురించి ఇంతకన్నా రాయలేను. మాకు పిల్లల్లేరు.

రెండు వారాల తర్వాత శనివారం వీధిలో అత్త గొంతు వినబడింది. గూట్లో డబ్బా సగం నిండి ఉంది. నా భార్య ఆసుపత్రికి వెళ్లే ముందు వేసిన బియ్యం. తెచ్చి సంచిలో పోశాను. పోసి, ఖాళీ డబ్బా కూడా ఆమె ముందు పెట్టాను.

“ఇంక ఇక్కడికి రానక్కర్లేదత్తా. ఇది కూడా పట్టుకెళ్లిపో.”

ఆమె నా ముఖం చూసింది. సంచిలో చెయ్యి పెట్టి, ఒక పిడికెడు తీసి, డబ్బాలో వేసింది. డబ్బా మీద ఆమె చెయ్యి పడడం నేను చూసింది ఆ ఒక్కసారే. దాన్ని నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

మళ్లీ శనివారం వస్తుందని తెలుసు. నేను లెక్కల మనిషిని. నాకు తెలిసిన పద్ధతిలో ఆలోచించాను. నా భార్య పిడికిలికి నలభై గ్రాములనుకుందాం. రోజుకు రెండు. ఏడాదికి ముప్ఫై కిలోలకు కాస్త తక్కువ. బజారుకెళ్లి ఒక బస్తా కొని, వీధి అరుగు మీద పెట్టించాను. ఏడాది పాటు నన్నెవరూ కదపరనుకున్నాను.

అత్త వచ్చి బస్తా చుట్టూ ఒకసారి తిరిగింది.

“ఏటిది?”

“ఏడాదికి సరిపడా లెక్క కట్టానత్తా. ఒక్కసారే తీసుకెళ్లిపో.”

“ఓలమ్మ! ఏడాది కూడు ఒక్క పూట తినీగలవేటి అల్లుడా?” అని అరుగు మీద కూర్చుంది. “ఇది కొట్టు బియ్యం. నీ కుండలో పడాల్సిన బియ్యం కావాల నాకు. ఇంతకీ ఒండుకుంతన్నావా నువ్వు?”

వంటిల్లు తెరిచి నెల దాటింది. హోటలు పార్సిలు ఒక పూట, బిస్కెట్లు ఒక పూట. అదీ గుర్తొస్తే.

“ఒండుకోడం మానీసినోళ్లకి ఇవ్వడానికే కదా ఈ బియ్యం. ఆ జాబితాలో నీ పేరు కూడా రాయమని పాస్టరుగారికి సెప్పీనా?”

నాకు కోపం వచ్చింది. అప్పటిదాకా ఎవరిమీదా రాని కోపం. ఇరవయ్యారేళ్లు మా ఆవిడ పూటకొక పిడికిలి తీసిపెట్టింది కదా, ఆ పిడికిళ్లన్నీ ఏమయ్యాయి, ఆ పదకొండు రోజులూ మీ దేవుడు ఎక్కడున్నాడు అని అడిగాను. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూశారు.

అత్త బైబిలు వాక్యం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“నాకు తెల్దు అల్లుడా. మా ఇంటాయన పోయినప్పుడు నానూ అడిగీసినాను. ఇప్పటికీ అడుగుతన్నాను. కానైతే నన్నడిగితే ఏటొస్తాది? అడగాల్సినోడిని అడుగు.”

బస్తా అరుగు మీదే ఉండిపోయింది. లోపలికి లాక్కున్నాను. బియ్యం ఇంట్లో ఉన్నాయి కాబట్టి మర్నాడు వండాను. మొదటి రోజు అడుగంటింది, రెండో రోజు గంజి అయింది. మూడో రోజు తినగలిగాను. ఆ రోజు ఎసట్లో వేసే ముందు పిడికెడు తీశాను. నా పిడికిలి నా భార్యదానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. డబ్బా దగ్గర ఆగాను. నా భార్య ఇక్కడ ఆగి ఏదో అనుకునేది. పెదవులు కదిలేవి. ఒక నిమిషం కూడా పట్టేది కాదు. నేను ఎన్నో పొద్దులు ఆ గుమ్మంలోంచే టీ కోసం అరిచాను గాని, ఏమంటున్నావని ఒక్కసారీ అడగలేదు.

శనివారం అత్తనే అడిగాను. “పిడికిలి వేసేటప్పుడు మా ఆవిడ ఏమనేదత్తా? నీకు చెప్పిందా?”

“నేదు. నాను అడగనేదు.”

“అందరూ అనేది ఒకటి ఉంటుంది కదా. అది చెప్పు.”

“అందరూ అనీది ఏదీ నేదు అల్లుడా. ఆవిడన్నది ఆవిడికీ యేసయ్యకీ మద్దిన మాట. అది నీకెందుకూ? మీ ఆవిడ సుట్టమని ఇన్నాళ్లూ ఆయన్ని గేటు బయిట నుంచే సూసినావు. ఇప్పుడైనా నువ్వు మాటాడు. మాటాడితేనే కదా సుట్టరికం.”

“నాకు రాదత్తా.”

“తిట్టడం వస్తాది కదా. మొన్న ఈదిలో అందరూ ఇన్నారు. అదే ఆయనకి సెప్పు. ఇంటాడు.”

అలా మొదలుపెట్టాను. చేతిలో బియ్యం పట్టుకుని గూటి ముందు నిలబడి, వింటుంటే విను అని మొదలుపెట్టాను. కొన్ని వారాలు ఫిర్యాదులే. ఎవరూ జవాబు చెప్పలేదు. అయినా పూటపూటకీ చెప్పడం అలవాటైంది. చెప్పాలంటే వండాలి. వండాక తినాలి. అత్త నన్ను ఎటు నడిపిస్తోందో నాకు తెలియకపోలేదు.

ఒక పొద్దున్న ఫిర్యాదు మధ్యలో వేరే మాట వచ్చింది. నా భార్య గేటు దగ్గర వెనక్కి తిరిగి చూసేది, నేను పేపరు ఎత్తేవాణ్ణి అన్నాను. ఈ మాట ఏ మనిషితోనూ అనలేదు. నాతో నేను కూడా అనుకోలేదు. ఆమెను అడగడానికి లేదు, నువ్వు క్షమించు యేసయ్యా అన్నాను. ఆ పేరు నా నోటితో పలకడం అదే మొదలు. పిడికిలి ఎప్పుడు తెరిచానో గుర్తు లేదు. బియ్యం కొన్ని డబ్బాలో, కొన్ని నేల మీద. వంగి ఏరుకున్నాను. అప్పుడు కూడా జవాబు వినబడలేదు. కాని వంటింట్లో నేను ఒంటరిగా లేననిపించింది. ఇంతకన్నా గట్టిగా చెబితే అబద్ధం అవుతుంది. అత్తకు ఇది చెప్పలేదు. ఆ శనివారం బియ్యం పోస్తుంటే నా ముఖం చూసి, “ఊఁ” అంది. అంతే.

ఆ వానాకాలం ఆమెకు మోకాలు వాచింది. “ఈవారం నువ్వే తెచ్చీ” అని కబురు చేసింది. ఆదివారం డబ్బా పట్టుకుని గేటు దాకా వెళ్లాను. గంప లోపల ఉంది. టీ కొట్టువాడు గ్లాసు ఎత్తి చూపించాడు. చెయ్యి ఊపి, లోపలికి నడిచాను. చెప్పులు విప్పే చోట కాళ్లు ఆగాయి. వెనక్కి తిరిగి చూశాను. టీ కొట్టు బల్ల ఖాళీగా ఉంది. నా భార్య ఇరవయ్యారేళ్లు ఇక్కడ నిలబడి చూసింది దీన్నే.

గంపలో పోసి, మగవాళ్ల వైపు చివరి బల్ల మీద కూర్చున్నాను. ఆడవాళ్ల వైపు కుర్చీలో కాలు చాపుకున్న అత్త నన్ను చూసి తల తిప్పేసుకుంది. ఆ మోకాలు నిజంగా వాచిందో లేదో అడిగాను. ఏడాది తర్వాత కూడా చెప్పలేదు.

ఆ ఏడాది తర్వాతే చర్చి వెనుక తొట్టిలో బాప్తిస్మం తీసుకున్నాను. గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డది ఆమే. “పాస్టరుగారూ, జాగర్త! ఈ ముసిలి గుంటడ్ని ముంచడం సులువే గానీ ఎత్తడానికి నడుం పడిపోద్ది” అంది. నీళ్లలో ఉండగానే నవ్వొచ్చింది. బయటికొచ్చాక తల తనే తుడిచింది.

చివరి ఆరు నెలలూ అత్తను స్కూటరు మీద నేనే తిప్పాను. “సంచి నువ్వు మొయ్యి. మూతి నాను పడతాను” అనేది. అందరి ఇళ్లూ అయ్యాక ఆఖరున ఆమె ఇల్లు. డబ్బా తనే తెచ్చి తనే పోసేది. కోడలు గుమ్మంలో నిలబడి చూసేది. “నువ్వూ ఒక పిడికిలి ఎయ్యొచ్చు కదమ్మా” అని ఒకసారి నేనంటే, “అది మా అత్త పని మావయ్యా. నాకవన్నీ తెలవు” అంది. అత్త నా వైపు కళ్లెర్ర చేసింది. స్కూటరు ఎక్కాక అంది: “తోసీకు అల్లుడా. నిన్నెవులైనా తోసినారా?”

శనివారం ఆమెను సమాధి చేశాం. మోకాలు వాచిందన్న ఆ వారం తప్పిస్తే, నలభై ఏళ్లలో ఆ శనివారమే మా ఊళ్లో బియ్యం సంచి తిరగలేదు.

తర్వాతి శనివారం పాస్టరుగారు సంచి నా చేతికిచ్చారు. ఉతికి ఆరేసి ఉంది. ప్రతి ఇంటి ముందూ ఆగి పిలిచాను. సంచి మూతి తెరిచి పట్టుకున్నాను. సంచిలోకి చూడకుండా ఉండడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఆఖరున ఆమె ఇంటికి వెళ్లాను. కోడలు డబ్బా తెచ్చింది. గురువారం సాయంత్రం దాకా అత్త వేసిన పిడికిళ్లు అందులో ఉన్నాయి.

“నువ్వే పోసీసుకో మావయ్యా. నావల్ల కాదు” అని నా వైపు చాపింది.

నేను చెయ్యి చాపలేదు. “పొయ్యాల్సింది నువ్వమ్మా. నేను సంచి పట్టుకునేవాణ్ణే.”

ఆమె డబ్బా మూత తీసింది. తీసి, ఆగింది. డబ్బాను గుమ్మం మీద పెట్టి లోపలికి వెళ్లింది. వంటింట్లో బియ్యం డ్రమ్ము మూత చప్పుడైంది. పిడికిలి మూసుకుని బయటికి వచ్చింది. దాన్ని డబ్బా మీద ఉంచి తల వంచింది. పెదవులు కదులుతున్నాయి. ఏమంటోందో నాకు వినబడలేదు. వినాలనీ చూడలేదు. సంచి మూతి తెరిచి పట్టుకుని, ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాను.