పంపు ఆపమన్నవారు, నీళ్లు తోడమన్నవారు

1992లో నన్ను నల్లగొండ జిల్లా దక్షిణపు కొసన ఉన్న ఒక సున్నపురాయి గనికి మేనేజరుగా వేశారు. గని ఒక సిమెంటు కంపెనీది. అయితే గని మేనేజరు పదవి కంపెనీ తన ఇష్టం వచ్చినవారికి ఇచ్చేది కాదు. గనుల భద్రత చూసే శాఖ పరీక్ష పెట్టి ఇచ్చిన సర్టిఫికెట్ ఉన్నవాడే ఆ కుర్చీలో కూర్చోవాలి. లోపల మనిషి ప్రాణం పోతే చట్టం ముందుగా అడిగేది అతన్నే.

బయటివారికి తెలియని సంగతి ఏమిటంటే, రాయి తీయాలంటే ముందు నీళ్లు తోడాలి. గనిని మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ దిగుతాం. ఒక్కో మెట్టును బెంచి అంటాం. అడుగు బెంచిలో ఊట నీరు చేరే గుంట పేరు సంపు. అక్కడి నుంచి పంపుతో నీటిని పైకి తోడి, ఒక చెరువులాంటి తొట్టెలో నిలబెట్టి, సున్నపు పొడి అడుగుకు దిగాక పై తేట నీటిని వాగులోకి వదిలేవాళ్లం. వాగు కింద ఖాజామియా అనే రైతు, మరికొందరు ఆ నీటితోనే యాసంగి వరి, అంటే చలికాలంలో నాటి ఎండాకాలంలో కోసే పంట, వేసేవారు. చుట్టుపక్కల బోర్లు ఎండిపోయే ప్రాంతంలో మా గని ఊటే వారికి కాలువ.

నేను చేరిన రెండో యాసంగిలో అకాల వాన పడి తొట్టె పొంగింది. వాగులోకి తెల్లటి నీళ్లు పోయాయి. ఎవరో ఫిర్యాదు చేశారు. కాలుష్య నియంత్రణ శాఖవారి ఇంజనీరు ఒకాయన జీపులో వచ్చాడు. చిన్న వయసు, మంచి మర్యాదస్తుడు. డబ్బాలో నీళ్లు పట్టుకున్నాడు, సీలు వేశాడు, నా సంతకం తీసుకున్నాడు. ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. పరీక్ష ఫలితం వచ్చి, కొత్తగా కన్సెంట్ ఇచ్చేదాకా గని నుంచి చుక్క నీరు బయటికి పోరాదు. కన్సెంట్ అంటే వాడిన నీటిని బయటికి వదలడానికి ఆ శాఖ ఇచ్చే అనుమతి. కాదని వదిలితే కరెంటు తీయించే అధికారం వారికి ఉంది.

తొట్టె అప్పటికే నిండి ఉంది. పంపు నడిపితే నీరు బయటికి పోక తప్పదు. హైదరాబాద్‌లోని మా పెద్దాఫీసుకు ఫోన్ చేసి, పంపు ఆపితే గని నిండుతుందని చెప్పాను. కరెంటు పోతే ఫ్యాక్టరీ మొత్తం ఆగుతుంది, పంపు ఆపండి అన్నారు. ఆపాను.

సంపు నిండి, అడుగు బెంచి మీదికి నీళ్లు పాకాయి. సరిగ్గా అప్పుడే భద్రతా శాఖ ఇన్‌స్పెక్టరు చెప్పాపెట్టకుండా వచ్చారు. ఆయన తల నెరిసిన మనిషి, మాట తక్కువ. బెంచి పక్కన నిలువుగా లేచే రాతి గోడ కింది భాగం తడిసి ఉండడం చూసి, రాతి పొరల నడుమ ఉన్న మట్టి పొరను కర్రతో పొడిచి చూశారు. అది నానితే పైనున్న రాయి జారుతుంది. అక్కడికక్కడే ఉత్తర్వు రాసి, అందినట్టు నా సంతకం తీసుకున్నారు. నీళ్లు పూర్తిగా తోడేదాకా అడుగు బెంచిలోకి మనిషి దిగరాదు.

ఒక శాఖ తోడవద్దంది. ఇంకో శాఖ తోడనిదే పని చేయవద్దంది. రెండు కాగితాలూ నా బల్ల మీద పక్కపక్కనే పడి ఉన్నాయి.

కాలుష్య శాఖ ఆఫీసుకు వెళ్లి భద్రతా ఉత్తర్వు చూపించాను. ఆ ఇంజనీరు శ్రద్ధగా చదివాడు. "మీ ఇబ్బంది అర్థమైంది సార్. కానీ ల్యాబు ఫలితం రాకుండా నేను ఉత్తర్వు సడలించలేను. మీ గోడ సంగతి మా చట్టంలో లేదు" అన్నాడు. భద్రతా ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేస్తే, తోడిన నీరు ఎటు పోతుందన్నది తమ పరిధి కాదన్నారు. ల్యాబుకు వెళ్తే, నమూనాలు వరుసలో ఉన్నాయి, వంతు వచ్చినప్పుడు చూస్తామన్నారు. ఎవరూ లంచం అడగలేదు, ఎవరూ విసుక్కోలేదు. వెళ్లినచోటల్లా టీ ఇచ్చారు. అదే నాకు ఎక్కువ ఒళ్లు మండించింది. తప్పు చేసినవాడు ఒక్కడైనా దొరికితే వాడితో పోట్లాడేవాణ్ణి.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర ఖాజామియా కూర్చుని ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, నేను ఖాజా భాయ్ అనేవాణ్ణి.

"సార్, నా వరి పొట్టకొచ్చింది. గిప్పుడు తడి లేకుంటే తాలు తప్ప గింజ రాదు. గనిల నీళ్లు నిండుగున్నయి, నా మడి నెర్రెలిచ్చింది. నడుమ ఎవరు అడ్డమున్నరు, జర చెప్పు. నేనే పోయి అడుగుత" అన్నాడు.

ఏ ఆఫీసు పేరు చెప్పాలో నాకు తెలియలేదు. ఫలితం రావాలన్నాను. "ఆ నీళ్లు నా బర్లు తాగబట్టి ఎన్నేండ్లాయె. గింకేం ఫలితం?" అని లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మా మైనింగ్ మేటు నర్సింహ వచ్చాడు. మేటు అంటే గనిలో కూలీలను దగ్గరుండి నడిపించే మనిషి. సంపు గట్టు మీదున్న పంపు మోటారును నీళ్లు అందుకోబోతున్నాయి.

"సార్, మోటర్ మునుగుతాంది. నేను, ఇంకిద్దరం దిగి చైన్ పుల్లీతోని గుంజుతం. ఎంత సేపు, గిట్ల పోయి గట్ల వస్తం."

మోటారు పోతే మళ్లీ తెప్పించేసరికి ఎన్నాళ్లవుతుందో. దిగమనాలనే నా నోటిదాకా వచ్చింది. కానీ ఉత్తర్వు మీద నా సంతకం ఉంది. వద్దన్నాను. నర్సింహకు కోపం వచ్చింది. "కాయిదానికి భయపడుతున్నవా సార్" అన్నాడు. అవునన్నాను.

మేమిద్దరం పై బెంచి మీద నిలబడి ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం, కింద పెద్ద శబ్దమైంది. సంపు పక్క గోడ ఒక్కసారిగా జారి నీళ్లలో పడింది. లేచిన నీళ్లు మళ్లీ కుదుటపడేసరికి మోటారు లేదు, గట్టు లేదు. నర్సింహ అక్కడే చతికిలబడ్డాడు.

గోడ జారితే, ఎవరికీ దెబ్బ తగలకపోయినా, దాన్ని ప్రమాదకర ఘటన అంటారు. భద్రతా శాఖకు వెంటనే నోటీసు ఇవ్వాలి. ఒక ప్రతి కలెక్టరుకూ వెళ్లాలి. కలెక్టరు ఆ ప్రతి చదివి ఇద్దరు అధికారులనూ ఒకే రోజు గని దగ్గరికి పిలిపించారు. అంతకు ముందు వారిద్దరూ ఒకరినొకరు చూసి ఎరుగరు. జారిన గోడ అంచున నిలబడి మాట్లాడుకున్నారు. ఇన్‌స్పెక్టరు మట్టి పొర చూపించారు. ఇంజనీరు రెండో తొట్టె ఎక్కడ తవ్వాలో చూపించాడు. దాన్ని తవ్వుతూనే పంపు నడపవచ్చని ఇద్దరూ సంతకాలు పెట్టారు. నేను ఇన్నాళ్లు తిరిగినది ఒక్క పూటలో తేలిపోయింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ల్యాబు ఫలితం ఆ తర్వాత వచ్చింది. నీరు పరిమితుల్లోనే ఉందని అందులో ఉంది. అప్పటికే ఖాజామియా తన ఎండిన వరి మడిలోకి పశువులను వదిలేశాడు. కొత్త మోటారు నడిచిన రోజు వాగు గట్టున కనిపించాడు. "వచ్చే యాసంగికి ముందే చెప్పు సార్, బందు పెట్టేదుంటే. నారు పొయ్యనే పొయ్య" అన్నాడు. ఉత్తర్వు ఎవరిదైనా ఆయన దృష్టిలో పంపు ఆపింది నేనే. అది నిజం కూడా.

ఇద్దరు అధికారులూ తమ చట్టం ప్రకారం సరిగ్గానే నడిచారు. ఒకరి ఉత్తర్వు గోడను కూల్చింది, మరొకరి ఉత్తర్వు ముగ్గురి ప్రాణాలు కాపాడింది. రెండింటినీ కలిపి చూడాల్సిన బాధ్యత ఏ చట్టమూ ఎవరికీ అప్పగించలేదు. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి గనిలోనూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ శాఖ ఉత్తర్వు వచ్చినా, దాన్ని పాటిస్తే మరే శాఖ నిబంధన తప్పుతుందో ఆ రోజే రాసి, రెండు శాఖలకూ, కలెక్టరుకూ పంపేవాణ్ణి. గోడ కూలేదాకా ఆగేవాణ్ణి కాదు.