తప్పిపోయిన టికెట్లు

టీసీ బాబాయ్ మనుషులతో మాట్లాడడు, టికెట్లతో మాట్లాడతాడు. ఆయన గురించి ఎవరు చెప్పినా మొదట ఈ మాటే చెబుతారు. ఆ తర్వాత నవ్వుతారు. ఇక చెప్పడానికేమీ మిగలనట్టు టీ తాగుతారు.

అలాగని ఆయనేమీ మూగనోము పట్టలేదు. ఇంట్లో ఆవిడ సందు ఇస్తే ఆవిడతో మాట్లాడతాడు. టీ కొట్టు దగ్గర ఆగి "చక్కెర తక్కువ" అంటాడు. కాని ఒకసారి నల్లకోటు తొడుక్కుని బండెక్కాడా, ఇక ఆయన లోకంలో మనుషులుండరు. చేతులుంటాయి, చేతుల్లో టికెట్లుంటాయి.

రెండు చేతులా సంచులుండి టికెట్టును పళ్ళ మధ్య పట్టుకొచ్చిన ఆవిడ దగ్గర ఆగి, ఆ టికెట్టును అందుకుని, "ఏమ్మా, తడిసి ముద్దయ్యావు? గొడుగు తెచ్చుకోకూడదూ?" అంటాడు. దర్జీ ఒకాయన టికెట్టును ఎనిమిది మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాస్తాడు. దాన్ని మోకాలి మీద పెట్టి ఒక్కొక్క మడతే విప్పుతూ, "ఊపిరాడుతోందా తల్లీ?" అంటాడు. ఫోనులో టికెట్లు వచ్చిన కొత్తలో మాత్రం, అద్దానికి నోరెటుందో చెవెటుందో తెలియక కొంచెం తడబడ్డాడు. ఇప్పుడు దానికీ అలవాటు పడ్డాడు. "లోపల ఇరుగ్గా లేదూ? సరేలే, ఛార్జింగు చూసుకో" అని తెర మీద చిన్నగా తట్టి ముందుకెళతాడు.

ఏ టికెట్టుతో మాట్లాడినా ఆఖరున చెప్పేది ఒకటే. "తీరికైతే ఆఖరి పెట్టెకు రా, కూర్చుని మాట్లాడుకుందాం."

ఈ మాటలన్నీ ఆయన గట్టిగా అనడు. జోల పాడినట్టు అంటాడు. ఆ బండి కూడా అలాంటిదే. ఒక పక్క కొండ, ఒక పక్క సరస్సు, మధ్యలో నిద్రలో నడిచినట్టు నడిచే పాసింజరు. మధ్యాహ్నం పూట నీటి మీది వెలుగు కిటికీల్లోంచి దూరి పెట్టె పైకప్పు మీద అలలు అలలుగా కదులుతుంటుంది. కింద జనం సగం మేలుకుని, సగం కలగంటూ కూర్చుంటారు. ఆ వెలుగులో టికెట్టుతో మాట్లాడే మనిషి కనిపించినా పెద్ద వింతగా అనిపించదు.

వింతగా అనిపించింది ఒక వకీలుగారికి. "నా టికెట్టు యోగక్షేమాలు అడిగాడు గాని, నన్ను మాటవరసకైనా పలకరించలేదు" అని మూడు పేజీల ఫిర్యాదు రాశాడాయన. అది పెద్దసారు బల్ల మీదికి చేరింది. పెద్దసారు కొత్తమ్మాయిని పిలిపించాడు.

కొత్తమ్మాయి అంటే కొత్తగా చేరిన టీసీ. ఇరవై నాలుగేళ్ళు. నియమాల పుస్తకం మొత్తం కంఠతా వచ్చు. ఇస్త్రీ కోటు, పాలిష్ బూట్లు, ఇంకా ఏ టికెట్టునూ కరవని చిల్లు పటకారు.

"ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆయన పట్టుకున్న తప్పు టికెట్లు ఎన్నో తెలుసా అమ్మా?" అన్నాడు పెద్దసారు.

"ఎన్ని సార్?"

పెద్దసారు గాల్లో వేలితో ఒక సున్నా చుట్టి, అందులోంచి ఆమెను చూశాడు. "లెక్కల గదిలో ఒక్కటంటే ఒక్క జరిమానా చీటీ లేదు. పైగా టికెట్లతో కబుర్లు! మనిషికి మతి ఉన్నట్టా, పోయినట్టా? వారం రోజులు ఆయన వెంట తిరుగు. సోమవారం పొద్దున రిపోర్టు ఇవ్వు. పోయినట్టయితే బండి దింపేసి పాత కాగితాల గదిలో కూర్చోబెడతాను."

"టికెట్లమ్మే కిటికీ దగ్గరైనా..."

"వద్దు తల్లీ! అక్కడ ఒక్కొక్క టికెట్టుకూ వీడ్కోలు చెబుతూ కూర్చుంటాడు. వరుస వీధి చివరిదాకా పోతుంది."

అలా కొత్తమ్మాయి బాబాయ్ వెనక చేరింది. మొదటి రోజు ఆయన ఆమె ఉద్యోగపు కార్డు అడిగి తీసుకుని, దానివైపు చూసి, "ఫోటోలో ఇంత కోపంగా ఉన్నావేమ్మా? ఆకలేసిందా?" అన్నాడు. ఆమె నవ్వలేదు. నవ్వితే రిపోర్టు పాడవుతుందని ఆమె భయం.

మంగళవారం నాడు, నూనూగు మీసాలు వస్తున్న ఒక కుర్రాడి టికెట్టును బాబాయ్ చేతిలోకి తీసుకుని, "అరెరే, బట్టలు పొట్టయిపోయాయా? ఎంత తొందరగా ఎదిగిపోతారమ్మా!" అన్నాడు. పెట్టెంతా కిసుక్కుమంది. ఏ బట్టలో, ఎవరు ఎదిగారో కొత్తమ్మాయికి అర్థం కాలేదు. నోటుపుస్తకంలో 'మతి లేదు' అని రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకుంది. ఆ కుర్రాడు తర్వాత మెల్లగా లేచి ఆఖరి పెట్టె వైపు వెళ్ళాడు. ఆయన కబుర్లు ఇంకాస్త వినడానికి కాబోలు అనుకుంది.

బుధవారం ఇద్దరు వెళ్ళారు. గురువారం ఒకమ్మాయి వెళ్ళింది. పిల్లలకు పిచ్చివాళ్ళంటే సరదా అనుకుంది కొత్తమ్మాయి.

శుక్రవారం మధ్యాహ్నం బాబాయ్ టీ కోసం దిగి, అదే బండిలో రెండు పెట్టెల అవతల ఎక్కాడు. మధ్య పెట్టె కొత్తమ్మాయి ఒక్కదాని చేతికొచ్చింది. కిటికీ పక్కన పదిహేనేళ్ళ పిల్ల. చంకలో బొమ్మలు గీసే అట్ట. వేళ్ళకు నీలం రంగు. ఇచ్చిన టికెట్టు వెళ్ళేదానికి, బండేమో తిరిగొచ్చేది.

ఆ దారిలో రానూపోనూ టికెట్టు కొంటే రెండు ముక్కలిస్తారు. పొద్దున తొందరలో ఆ పిల్ల తిరుగు ముక్క ఇచ్చేసి వెళ్ళింది, అక్కడివాళ్ళూ చూసుకోలేదు. ఇప్పుడు చేతిలో వెళ్ళే ముక్క మిగిలింది. ఇదంతా కొత్తమ్మాయికి తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది నియమం ఒక్కటే: 'పద్దెనిమిదేళ్ళ లోపువారిని దారిలో దింపరాదు. చీటీ రాసి, ఇంటివారికి తెలిపి, మర్యాదగా గమ్యం చేర్చవలెను.' మర్యాద అంటే ఏమిటని శిక్షణలో అడిగితే, "మీరు అనడం. మిగతాది గట్టిగానే అనొచ్చు" అని చెప్పారు.

"మీరు లేచి నిలబడండి," అంది కొత్తమ్మాయి, మర్యాదగా, గట్టిగా. "మీ టికెట్టు తప్పు."

పెట్టెలో నిద్ర చెదిరిపోయింది. నలభై తలలు ఇటు తిరిగాయి. ఎవరో "ఈ కాలం పిల్లలు..." అని మొదలుపెట్టారు. సంచుల ఆవిడ తన సంచి కాస్త దగ్గరికి లాక్కుంది. పిల్ల లేచి నిలబడింది. చంకలోని అట్ట జారి కింద పడింది. దాన్ని తీసుకోవడానికి వంగితే ఇంకా ఎక్కువ మంది చూస్తారని కాబోలు, వంగలేదు. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాతి స్టేషన్ ఎప్పుడొస్తుందా అని తలుపు వైపే చూస్తోంది.

పుస్తకం ప్రకారం కొత్తమ్మాయి ఒక్క తప్పూ చేయలేదు. అయినా చాలా పెద్ద తప్పు చేసినట్టుంది.

సరిగ్గా అప్పుడు అవతలి తలుపులోంచి బాబాయ్ వచ్చాడు. పిల్లను చూడలేదు, కొత్తమ్మాయిని చూడలేదు. నేరుగా టికెట్టునే అందుకుని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"నువ్వా! పొద్దున వెళ్ళాల్సినదానివి ఇప్పుడొచ్చావా? నిద్ర లేవలేదా? మీ అక్క ఏది? పొద్దునే వెళ్ళిపోయిందా? నీ బదులు అది, దాని బదులు నువ్వు! కవలపిల్లలతో ఇదే తంటా. నిరుడు నేనే మీ ఇద్దర్నీ పోల్చుకోలేక, ఒకదానికి రెండుసార్లు చిల్లు పెట్టాను. నొప్పెట్టిందా? చూపించు, చూపించు..."

టికెట్టును కిటికీ వెలుగులో పెట్టి, ఎక్కడ నొప్పో వెతకసాగాడు. దర్జీ ముందుగా నవ్వాడు. "బాబాయ్, మందు రాయి!" అన్నాడు. "రాస్తానయ్యా, నీ దగ్గర సూదుందిగా, కుట్టు కూడా వేయిద్దాం!" పెట్టెంతా పగలబడి నవ్వింది. నలభై తలలూ బాబాయ్ వైపు తిరిగాయి. ఈ కాలం పిల్లల గురించి మొదలుపెట్టినాయన ఈ కాలం టీసీల గురించి పూర్తి చేశాడు. ఈ లోపు పిల్ల వంగి అట్ట తీసుకుంది. ఒక్కరూ చూడలేదు.

"తీరికైతే ఆఖరి పెట్టెకు రా, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు బాబాయ్ టికెట్టుతో.

కాసేపటికి పిల్ల వచ్చింది. ఆఖరి పెట్టె చివర చిన్న గది, మడత బల్ల, రెండు స్టూళ్ళు. అక్కడ బాబాయ్ మామూలు మనిషిలా మాట్లాడాడు. ఏ ఊరు, ఇంటి నంబరెంత, ఏమన్నా తిన్నావా. వాళ్ళమ్మకు ఫోను చేసి, "మీ అమ్మాయి క్షేమంగా ఉందమ్మా, టికెట్టే కాస్త దారి తప్పింది" అన్నాడు. చీటీ రాసి ఇచ్చాడు. పిల్ల అట్ట విప్పి బొమ్మ చూపించింది. సరస్సు, దాని పక్కన బండి. "చక్రాలు తక్కువ వేశావేం?" అన్నాడు. "మిగతావి నీళ్ళలో ఉన్నాయి తాతయ్యా" అంది పిల్ల. అప్పటికి ఆమె చెవులు మామూలు రంగుకొచ్చాయి.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన కొత్తమ్మాయి, పిల్ల వెళ్ళాక ఖాళీ స్టూలు మీద కూర్చుంది. ఉండబట్టలేక అడిగింది.

"బాబాయ్, నిజం చెప్పండి. టికెట్లు మీకు జవాబు చెబుతాయా?"

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఒంట్లో బాగానే ఉందా అమ్మడూ? కాగితం ఎక్కడైనా మాట్లాడుతుందా?"

"మరి మీరు..."

"చేరిన కొత్తలో నేనూ నీలాగే ఒక పిల్లాణ్ణి నిలబెట్టి అరిచాను. వాడు తర్వాతి స్టేషన్లో దిగేశాడు. ఇంటివైపు పట్టాల పక్కనే నడిచాడు. ఈ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. చిన్నగా, చిన్నగా అయిపోయాడు." బాబాయ్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మర్నాటి నుంచి టికెట్టుతో మాట్లాడటం మొదలెట్టాను. చెప్పాల్సింది దానికి చెబితే పిల్లలకు అర్థమవుతుంది, మొన్న అర టికెట్టుతో వచ్చిన మీసాల కుర్రాడికి అయినట్టు. మిగతావాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటారు."

"తప్పు టికెట్టుతో మాట్లాడితే చాలుగా? అన్నిటితో ఎందుకు?"

"తప్పు టికెట్టుతోనే మాట్లాడాననుకో, నేను నోరు తెరవగానే ఎవరిదో పెట్టెంతా తెలిసిపోదూ?"

కొత్తమ్మాయి కిటికీ బయటికి చూసింది. నీళ్ళు మెరుస్తున్నాయి. ఇరవై ఆరేళ్ళు, రోజుకు మూడు వందల టికెట్లు. ఒక్క పిల్ల చెవులు ఎర్రబడకూడదని ఈ మనిషి ఇన్నేళ్ళు పిచ్చివాడనిపించుకున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది, కాని కోటు ఇస్త్రీ మీద ఉంది కనుక ఆపుకుంది.

"మరి చీటీలు? లెక్కల గదిలో ఒక్కటీ లేదట."

"అన్నీ రాసి పంపాను. నకళ్ళు కూడా ఉన్నాయి, చూడు."

చూసింది. చీటీ మీద 'తప్పు టికెట్టు' అని అచ్చయి ఉన్నచోట, ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో దిద్ది 'తప్పిపోయిన టికెట్టు' అని రాశాడు. ప్రతి చీటీ మీదా అదే. కొత్తమ్మాయికి అప్పుడు తట్టింది. శనివారం పొద్దున్నే, ప్రయాణికులు మరిచిపోయిన వస్తువులు దాచే గదికి వెళ్ళింది.

గొడుగులు, ఒంటి చెప్పులు, ఒక కట్టుడు పళ్ళ సెట్టు. వాటి వెనక రెండు ట్రంకు పెట్టెలు. "తప్పిపోయినవని రాసుంటే ఇక్కడికే పంపుతారమ్మా," అంది ఆ గది చూసే ఆవిడ. "ఇరవై ఆరేళ్ళుగా వస్తున్నాయి. వీటి కోసం ఒక్కరైనా వస్తారేమోనని జాగ్రత్తగా కట్టలు కట్టి పెట్టాను." ప్రతి చీటీకీ ఇంటివాళ్ళ సంతకముంది. జరిమానా కట్టకుండా ఒక్కటీ మిగిలిపోలేదు.

సోమవారం పెద్దసారు బల్ల మీద రెండు ట్రంకులు, ఒక కాగితం ఉన్నాయి. అసలు రహస్యం మాత్రం కొత్తమ్మాయి కాగితం మీద పెట్టలేదు. పెట్టిందా, ఆఫీసంతా చెప్పుకుంటారు. ఆఫీసు చెప్పుకున్నది బండికి చేరుతుంది. ఇక బాబాయ్ ఎంత మాట్లాడినా జనం టికెట్టు యజమాని వైపే చూస్తారు.

"చీటీల సంగతి సరే," అన్నాడు పెద్దసారు ట్రంకు మూత వేస్తూ. "టికెట్లతో మాట్లాడుతున్నాడా, లేదా?"

"మాట్లాడుతున్నారు సార్."

"అంటే పిచ్చే కదా?"

అవునంటే బాబాయ్‌కు పాత కాగితాల గది. కాదంటే ఎందుకని అడుగుతాడు.

"పిచ్చే సార్. కాని ఇరవై ఆరేళ్ళలో ఆ బండిలో టికెట్టు దగ్గర ఒక్క గొడవ జరగలేదు. వకీలుగారిది తప్ప. పైగా, అది అంటుకునే జబ్బు కాదు."

పెద్దసారు చాలాసేపు ట్రంకుల వైపు, కాసేపు వకీలుగారి మూడు పేజీల వైపు చూసి, ఆ మూడు పేజీలూ ట్రంకులో పడేసి తాళం వేశాడు.

నెల తిరిగాక పెద్దసారే ఏదో పని మీద ఆ బండెక్కాడు. మధ్యాహ్నం. పైకప్పు మీద నీటి వెలుగు, కింద జనం కునుకు. ఆయన ఎదుటి సీట్లో ఒక కుర్రాడు నిన్నటి తేదీ టికెట్టు పట్టుకుని, అరచేతుల చెమటతో దాన్ని తడిపేస్తున్నాడు. కొత్తమ్మాయి వచ్చి అది అందుకుంది. ఒక్క క్షణం తటపటాయించింది. అటూ ఇటూ చూసింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"ఏమ్మా, నిన్నంతా నీకోసమే ఎదురుచూశాను. ఎక్కడ పడుకున్నావు? తీరికైతే ఆఖరి పెట్టెకు రా, కూర్చుని మాట్లాడుకుందాం."

కొందరు కళ్ళు తెరిచారు. ఎవరిది, ఏమిటి అని తలలు తిరగబోయే లోపే ఆమె పెద్దసారు పాసు లాక్కుంది.

"నువ్వేమ్మా, ఇంత లావయ్యావు? పొద్దస్తమానం కుర్చీలో కూర్చుంటే కాదు, కాస్త నడవాలి!"

పెట్టె ఘొల్లుమంది. దర్జీ కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు. పెద్దసారు పొట్ట సర్దుకుని, పాసు వెనక్కి తీసుకుని, చిన్న గొంతుతో అన్నాడు.

"అంటుకోదని చెప్పావు కదమ్మా!"

అందరూ ఆయన పొట్టనే చూస్తున్నారు. నిన్నటి టికెట్టు కుర్రాడు లేచి, ఎవరి కంటా పడకుండా, ఆఖరి పెట్టె వైపు నడిచాడు.