యుద్ధమైనాక చూద్దాం

పోయిన వారం మా పెద్దనాయన మనవడు వచ్చాడు. బాగేపల్లి దగ్గర హైవే పక్కన తాను తెరవబోయే కాఫీ హోటలుకు పిలిచి, చేతిలో తిరుపతి లడ్డు పెట్టి పోయాడు. పొట్లం విప్పగానే పచ్చకర్పూరం, ఏలకులు, నెయ్యి కలిసిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆ వాసనకు జనం చెంపలు వేసుకుంటారు. నేను పొట్లం మళ్ళీ కట్టేశాను. నాకు ఆ వాసనతో గుర్తొచ్చేది దేవుడు కాదు, మా పెద్దనాయన. పాపం, దేవుడిదేం తప్పు లేదు.

మాది బాగేపల్లి దగ్గరే పరగోడు, కన్నడదేశంలోని తెలుగు ఊరు. పెద్దనాయన పెద్ద యుద్ధంలో ఇటలీ దాకా పోయి మిలిటరీ లారీలు నడిపి వచ్చిన మనిషి. నాకు ఊహ తెలిసేటప్పటికి ఆ యుద్ధం ముగిసి చాలా ఏళ్ళయింది, మా ఇంటి అరుగు మీద మాత్రం రోజూ జరుగుతూనే ఉండేది. వేరుశనగ పెరికే కాలంలో, మట్టితోసహా తెచ్చి కుప్పలు పోసిన చెట్ల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని కాయలు వలుస్తుంటే, ఎర్రమట్టి తడివాసనలో మేం పిల్లలం పాలుకారే పచ్చికాయలు కడుపునొప్పి వచ్చేదాకా నములుతుంటే, ఆయన పడకకుర్చీలో కాళ్ళు చాపి, గ్రామఫోనుకు కీ ఇచ్చి, ఏనుగు ఘీంకరించినట్టుండే ఒక బాకా పాట పెట్టి ఉపన్యాసం ఎత్తుకునేవాడు. ఒక్క కాయ వలిచిన పాపాన పోలేదు.

“యుద్ధమైనాక ఆ దేశాలు యాడికో పోయినాయప్పా” అని మొదలు. అక్కడ మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదట. బస్సులు తోలారట, ఆఫీసుల్లో కుర్చీలెక్కారట, జుట్టు మెడ దాకా కత్తిరించుకుని తిరిగారట, ఇష్టమైతే మళ్ళీ పెళ్ళాడారట, ఎవడూ వేలెత్తి చూపలేదట. పాటలు మారాయట, బొమ్మలు మారాయట, పాతదంతా ఊడ్చి పారేశారట. ఇదంతా ఆయనే దగ్గరుండి చేయించినట్టు మీసం దువ్వుకునేవాడు. చెనక్కాయలు వలవడానికొచ్చిన కూలోళ్ళు నోరు తెరుచుకుని వినేవాళ్ళు, వినకపోతే అంబలి ఆలస్యమవుతుందని.

అక్కణ్ణుంచి తెచ్చిన బొమ్మ ఒకటి నడవాలో తగిలించాడు. అందులో ఆడమనిషికి రెండు కళ్ళూ ఒకే చెంప మీద, ముక్కు పక్కకు, నోరు ఎక్కడో. యుద్ధమైనాక అక్కడి చిత్రకారులకు మనుషులు అట్లా ముక్కలు ముక్కలుగానే కనబడుతున్నారని చెప్పేవాడు. మా జేజికి, అంటే పెద్దనాయన తల్లికి, ఆ గొడవేం తెలుసు? ఎవరో ఉగ్రదేవత అనుకుని పటానికి కుంకం పెట్టి, శుక్రవారం టెంకాయ కొట్టేది. పెద్దనాయన ఊళ్ళోవాళ్ళ ముందు ఆమెను వెక్కిరించి నవ్వేవాడు. ఆ బొమ్మ ఆయనకంటే జేజికే ఎక్కువ అర్థమైందని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఆయన చెల్లెలు, మా రత్నమ్మత్త, ఆ నడవాలోనే ఒక మూల ఉండేది. ఆమె మొగుణ్ణి పట్టాళంలో చేర్పించింది పెద్దనాయనే. ఇద్దరూ కలిసి పోయారు. ఈయన గ్రామఫోనుతో తిరిగొచ్చాడు, ఆయన రాలేదు. ఇరవై ఏళ్ళు నిండకముందే పూలూ గాజులూ తీసేసిన అత్త మాకు రాగిముద్దలు కలిపి పెట్టేది, ఉలవచారు కాచేది, మధ్యాహ్నాలు మాతో కూర్చుని గచ్చకాయలాడేది. వాళ్ళ నాయన నేర్పిన తెలుగూ కన్నడమూ రెండూ ముత్యాల్లా రాసేది. మా అందరికీ ఇసుకలో అక్షరాలు దిద్దించింది ఆమే.

ఊళ్ళో ఆడపిల్లలకు కొత్తగా శాలె, అంటే బడి, పెట్టినప్పుడు మేష్ట్రు మా ఇంటికే వచ్చి అడిగాడు, రత్నమ్మను పంపండప్పా, చిన్నపిల్లలకు అక్షరాలు చెప్తుంది అని. అత్త తలుపు వెనక నిలబడి వింటోంది. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను. పెద్దనాయన నవ్వి, కాఫీ ఇప్పించి, ఆలోచిస్తామని మేష్ట్రును సాగనంపాడు. అప్పుడు అత్త బయటికొచ్చింది.

“మొగుడు పోయినోళ్ళు ఆడ బస్సులు తోల్తాండారని నువ్వే చెప్తివి కదన్నా. నేను పలకలు దిద్దిస్తే ఏం?”

“అది యుద్ధం చూసిన దేశం రత్నా. మన కాడ యుద్ధం యాడ జరిగింది?”

మొగుణ్ణి యుద్ధానికిచ్చిన మనిషితో ఆయన అన్న మాట అది. అత్త లోపలికి పోయి పొయ్యి ఎగదోసింది. ఆ తర్వాత మేం రిబ్బన్లు కావాలన్నా, చింతామణి పట్నానికి తీసుకుపొమ్మన్నా, “యుద్ధమైనాక చూద్దాంలే” అనేది. అంటే ఎప్పటికీ కాదని. మా పిల్లల భాషలో ఆ మాట అట్లాగే స్థిరపడిపోయింది.

కొన్నాళ్ళకు శాలెకు వేరే ఊరినుంచి ఎవరినో తెచ్చారు. ఆ సాయంత్రం పెద్దనాయన అరుగు మీద మళ్ళీ తెల్లదొరసానుల కురచజుట్టు గురించే చెబుతున్నాడు. అత్త పెరట్లో బండరాయి మీద కూర్చుని, మోకాళ్ళు దాటే జడను కత్తెరతో మెడ దగ్గర కరకర కోసేసి, తలమీద కొంగు కూడా వేసుకోకుండా నడిచొచ్చి, ఆయన కుర్చీ ఎదురుగా నిలబడింది. బాకా పాట మోగుతూనే ఉంది. ఆయన చాపిన కాళ్ళు ముడుచుకుని కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కాయలు వలిచే ముసలామె ఒకతె అత్తను చూసి రెండు చేతులూ జోడించింది.

“తిరపతికి ఎప్పుడు పోయొస్తివమ్మా? మూడు కత్తెర్లు ఇస్తివా?”

మా వైపు ఆడవాళ్ళు గుండు చేయించుకోకుండా, మూడుసార్లు కత్తెర వేయించుకుని ఆ జుట్టు మొక్కుగా ఇస్తారు. కురచజుట్టుకు ఊరికి తెలిసిన అర్థం అదొక్కటే. అత్త కాదనేలోపే పెద్దనాయన లేచి “అవునమ్మా, మొక్కుండె. జుట్టు ఇంటికాడే తీసినాం, రేపు నేను పోయి కొండ మీద ఇచ్చొస్తా” అన్నాడు. తెల్లారగానే ఆ జడ మూటకట్టుకుని చింతామణి పోయి బస్సెక్కి, తిరుపతి నుంచి బుట్టెడు లడ్లు తెచ్చి ఇంటింటికీ పంచాడు. పాతదంతా ఊడ్చి పారేసిన వీరుడు తలపాగా చుట్టుకుని, నామాలు పెట్టుకుని మరీ పంచాడు. జనం లడ్డు కళ్ళకద్దుకున్నారు. ఆడవాళ్ళు వచ్చి అత్త కాళ్ళకు మొక్కి పోయారు. ఆమె గోడకు తిరిగి కూర్చుంది. నా వంతు లడ్డు నేను దిబ్బలో పారేశాను. అత్త బతికినన్నాళ్ళూ జుట్టు పెరిగినప్పుడల్లా కత్తిరించుకుంటూనే ఉండింది, ఊరు ఆమెను మహాభక్తురాలంటూనే ఉండింది. శాలె గడప మాత్రం తొక్కకుండానే పోయింది.

నిన్న హోటలుకు పోయాను. మా చేను ఉండిన చోటే అది. ఇప్పుడక్కడ వేరుశనగ లేదు, కార్లు నిలుపుకునే సిమెంటు నేల ఉంది. గ్రామఫోను గొట్టంలో మట్టి పోసి మనీప్లాంటు పెట్టారు. బాకా పాట పైకప్పులోంచి వస్తోంది. జేజి టెంకాయ కొట్టిన బొమ్మను గోడంత చేసి అంటించారు, కుంకం మరక కనబడకుండా తుడిచి. పక్కన, ఎప్పుడో చింతామణి స్టూడియోలో ఇంటిల్లిపాదీ తీయించుకున్న ఫొటోలోంచి అత్త ముఖం ఒక్కటే కోసి తీసి పెద్దది చేసి పెట్టారు. కింద ఇంగ్లీషులో రాశారు, ఈ తాలూకాలో తొలి బాబ్‌కట్ మహిళ అని, యుద్ధం చూసొచ్చిన అన్న ఆమెకిచ్చిన స్వేచ్ఛ అని. అప్పుడు దేవుడి పేరు చెప్పి కాజేశారు, ఇప్పుడు స్వేచ్ఛ పేరు చెప్పి కాజేస్తున్నారు. ఆ కోత ఆమెదని చెప్పడానికి ఒక్కడికీ నోరు రాలేదు.

మనవడు కాఫీ తెచ్చి, సెల్‌ఫోను నా ముఖం ముందు పెట్టాడు.

“అత్తా, మా తాత ఎంత మాడర్నో రెండు మాటలు చెప్పు. వీడియో చేస్తాండా.”

“యుద్ధమైనాక చెప్తాలేరా.”

“ఏ యుద్ధం అత్తా?” అని వాడు నవ్వుతూ రికార్డు చేసుకున్నాడు. ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళు మా ఇంట్లో ఇంకెవరూ లేరు.