తాడు కట్టిన పీట

పొద్దున్న అనకాపల్లిలో, నేను టీచరుగా చేస్తున్న స్కూలుకి వెళ్లడానికి కోటవురట్ల బస్సు ఎక్కబోతుంటే, నా ముందున్న మామ్మ సంచిలోంచి జానెడు ఎత్తు చెక్కపీట తీసి నేల మీద పెట్టింది. దాని మీద కాలు వేసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సెక్కేసింది. పీటకి కొబ్బరితాడు కట్టి ఉంది. నూతిలోంచి చేద లాగినట్టు దాన్ని పైకి లాక్కుంది.

కండక్టరు చూడనే చూశాడు.

"ఇదేటి మామ్మా? లగేజీ టికెట్టు తియ్యాల."

"లగేజీ కాదు బాబూ, మెట్టు. నీ బస్సుకి కింద మెట్టు ఏయించనేదు కదా, నాది నేను తెచ్చుకున్నాను."

"అందరూ ఇలాగే తెత్తే?"

"తేనియ్యి. అప్పుడైనా సిగ్గొచ్చి మీరే ఏయిత్తారు."

బస్సంతా నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. పదకొండేళ్లుగా ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని, మోకాలెత్తున్న ఆ మెట్టు ఎక్కుతున్నాను. కిందటేడు జారిపడి మోకాలిచిప్ప వాచినప్పుడు కూడా, లావయ్యాను కదా, తప్పు నాదే అనుకున్నాను. తప్పు మెట్టుదని ఒక్కసారీ తోచలేదు. కింద ఇంకొక మడత మెట్టు బిగించడం ఏమన్నా బ్రహ్మవిద్యా?

ఇంటికి రాగానే మా వంటింటి పీటకి తాడు కట్టేశాను. రేపు అదే బస్సు ఎక్కుతాను, లగేజీ టికెట్టు మాత్రం తియ్యను.

మీ ఇంట్లోనూ ఒక పీట ఉండే ఉంటుంది. తాడు గట్టిది చూసి కట్టండి.