షావుకారు కాటా మీద యాభై తొమ్మిది

దేశం తరఫున పడవ నడిపానని చెబితే మావైపు జనం ముందు నా చేతుల వంక చూస్తారు, తర్వాత మా కొండల వంక చూస్తారు. కొండ మీంచి పారే గెడ్డ తప్ప నీళ్లు లేని ఊళ్లో ఈ విద్య ఎక్కడ నేర్చిందని వాళ్ల అనుమానం. క్రీడా పాఠశాల వాళ్లు నా చేతుల పొడవు చూసి పట్టుకుపోయారు. అంతకుమించి కథేమీ లేదు.

నాది తక్కువ బరువు వాళ్ల విభాగం. పడవలో ఇద్దరం, చెరో రెండు తెడ్లు. ఏ ఒక్కరూ యాభై తొమ్మిది కిలోలు దాటకూడదు, ఇద్దరి బరువూ కలిపి నూట పద్నాలుగు దాటకూడదు. నా జోడీ కేరళ అమ్మాయి. నేను యాభై ఎనిమిది, ఆమె యాభై ఆరు. అలా ఏళ్లుగా నెట్టుకొస్తున్నాం.

ఆ ఏడు విదేశీ పోటీకి ముందు మూడు రోజులు సెలవు దొరికితే ఇంటికెళ్లాను. మా ఊళ్లో ఎవరైనా దూరం వెళ్తుంటే ప్రతి ఇంటా ఒక పూట తినిపించి పంపాలి. పదిహేడు ఇళ్లు. వద్దంటే వినేవాళ్లు కారు.

"ఆలింట కోడికూర తిన్నావు, మా యింట చోడంబలి తాగితే నీ పడవ మునిగిపోద్దేటే గుంటా?" అంది పక్కింటి అత్త.

మునగదు గానీ నన్ను ఎక్కనివ్వరని ఆవిడకి ఎలా చెప్పను? ఆ రాగి అంబలి తాగాను. పైగా బాగుంది కూడా.

మూడో రోజు భయమేసి నాన్నతో సంతకి వెళ్లి, కాఫీ గింజలు కొనే షావుకారు కాటా ఎక్కాను. దరిదాపుల్లో ఉన్న కాటా అదొక్కటే. యాభై తొమ్మిది చూపించింది. "ఒక్క కిలోయే పెరిగావమ్మా, పర్లేదు" అన్నాడు షావుకారు. ఆ కాటా సంగతి మా ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. బస్తా వేసిన ప్రతిసారీ నాన్న దాన్ని తిట్టుకుంటూనే ఇంటికొచ్చేవాడు. ఆ రోజు మాత్రం తండ్రీకూతుళ్లం ఇద్దరం దాన్ని దేవుడిలా నమ్మాం. ఆ సంతోషంలో మిగిలిన రెండిళ్లలోనూ అడిగి మరీ వడ్డించుకున్నాను.

రైల్లో పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. అయినా శిబిరంలో కాటా ఎక్కితే అరవై ఒకటిన్నర. కోచ్ అరవలేదు. అయిదు రోజుల్లో దిగకపోతే నీ సీట్లో ఇంకో అమ్మాయి కూర్చుంటుందని మెల్లగా చెప్పాడు. అరిచినా బాగుండేది.

ఏడుస్తూ నాన్నకి ఫోన్ చేశాను.

"రెండున్నర కిలోలు తక్కువ సూపించిందా?" అన్నాడు. "సరిగ్గా రెండున్నరేనా?"

"నా సీటు పోతందయ్యా."

"పోదులే. నువ్వు బేగి ఆ బరువు కాయితం మీద రాయించి పంపు. ఈ సంతకి అట్టుకెళ్తాను."

కూతురు ఏమైపోయినా సరే, షావుకారు దొరికాడు కదా అన్నంత హుషారుగా ఉంది గొంతు. ఒళ్లు మండింది. కాయితం మాత్రం పంపాను.

ఆ అయిదు రోజులూ రెండు స్వెట్టర్లు వేసుకుని ఎండలో పరిగెత్తాను. ఉప్పు మానేశాను. రాత్రి కలలో కూడా అంబలి కనిపించేది. నా జోడీ మాత్రం చివరి రోజు మధ్యాహ్నం నుంచీ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎంత పొగరో అనుకున్నాను. తప్పు నాదే అయినా మూతి ముడుచుకునే హక్కు ఆమెకి లేదన్నట్టు తిరిగాను.

పోటీ రోజు పొద్దున్న కాటా ఎక్కాను. సరిగ్గా యాభై తొమ్మిది. ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఆమె ఎక్కింది. యాభై అయిదు.

అప్పుడు గానీ నాకు ఇద్దరిదీ కలిపి నూట పద్నాలుగన్న కూడిక గుర్తు రాలేదు. నా సీటు నిలబడాలంటే ఆమె తన బరువులో ఇంకో కిలో వదులుకోవాలి. నాకెవరూ చెప్పలేదు, ఆమె చెప్పనివ్వలేదట. ముందురోజు మధ్యాహ్నం నుంచీ చుక్క నీళ్లు తాగలేదు. మాట్లాడటానికి నోట్లో తడి ఉంటే కదా. కాటా దిగి తన సీసా ఖాళీ చేసింది. నాదీ లాక్కుని తాగేసింది. అప్పుడు నా వంక చూసి, "ఇప్పుడు తిట్టనా?" అంది.

ఊరంతా నాకు తినిపిస్తే ఉపవాసం ఆమె చేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు చివరి అయిదొందల మీటర్లూ నా మీద నాకున్న కోపంతోనే తెడ్లు లాగాను. నాలుగో స్థానం వచ్చింది. పతకం తప్పినందుకు ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను, ఆమె నా వీపు నిమురుతూ మలయాళంలో ఏదో తిడుతూనే ఉంది.