మల్లయ్య కళ్ళు తెరిచిన ఫోటో

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, ఎన్నడూ లేదు. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లికి పోయే సందులో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఫోటో స్టూడియో నడుపుతున్నదాన్ని. ఫిల్ము రీళ్ళ కాలంలో, ఫోటోలో తెల్లటి పొగ కనబడుతోంది, పోయిన మామగారే వచ్చారని భయపడుతూ వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. రీలు డబ్బాలోకి వెలుతురు దూరిందమ్మా, మామగారు రాలేదు అని చెప్పి పంపేదాన్ని.

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు తటపటాయించాను. రాయకపోతే ఊపిరాడదు కాబట్టి రాస్తున్నాను. ఎవరికి చెప్పినా ఒకటే మాట, ఏఐ అంటారు. ఏఐ అంటే ఏమిటో ఒక్కరికీ తెలియదు. ముందు పూర్తిగా వినండయ్యా అంటే వినే ఓపిక కూడా లేదు.

మల్లయ్య, ఎల్లమ్మ అనే భార్యాభర్తలు నా స్టూడియోకు వచ్చింది ఒక మధ్యాహ్నం. పాలమూరు జిల్లావాళ్ళు. కవాడిగూడ దగ్గర బస్తీలో ఉంటారు. ఇద్దరూ ఎన్నో ఏళ్ళు బిల్డింగు పనులు చేశారు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక చోట డ్రమ్ములో సున్నం కలుపుతుంటే అది చిమ్మి మల్లయ్య కళ్ళలో పడింది. చూపు పోయింది. రెప్పలు కిందామీదా అతుక్కుపోయాయి. తెరుద్దామన్నా తెరుచుకోవు.

ఆయన అంధుల కార్డు గడువు తీరిపోయింది. అది కొత్తగా తీసుకోకపోతే పింఛను ఆగుతుంది, బస్సు పాసు ఆగుతుంది. ఇప్పుడంతా ఆన్‌లైన్. మా సందులో ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు ఎక్కువ. వాళ్ళ దరఖాస్తులన్నీ నేనే నింపుతాను, ఫోటో తీసి నేనే ఎక్కిస్తాను. అందుకని ఎవరో వీళ్ళను కూడా నా దగ్గరికి పంపారు.

తెల్ల గుడ్డ ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, నా కెమెరాతో ఫోటో తీసి ఎక్కించాను. వెంటనే ఎర్ర అక్షరాల్లో వచ్చింది: కళ్ళు తెరిచి ఉన్న ఫోటో పెట్టండి.

మొదట నవ్వొచ్చింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. ఐదుసార్లు పెట్టాను. అప్పటికి నా ఒళ్ళు మండిపోయింది. అడిగింది అంధుల కార్డు, ఇచ్చేది అంధుల ఆఫీసు. కళ్ళు తెరవమంటుంది! ఈ రూలు రాసిన మనిషి ఎక్కడ కూర్చుని రాశాడో, ఏ టీ తాగుతూ రాశాడో గానీ, నా ఎదురుగా ఉంటే చెంప చెళ్ళుమనిపించేదాన్ని. మల్లయ్యేమో తన తప్పే అన్నట్టు స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు.

"ఇంకోసారి తియ్యమ్మా, నేను జర గట్టిగ తెరుస్త," అన్నాడు. ఆ మాట విని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే మా తమ్ముడు రవి వచ్చాడు. వాడికి ఫోన్ల పిచ్చి. రోజుకు రెండు గంటలు ఏ ఫోను కెమెరా గొప్పదో చెప్పే వీడియోలు చూస్తాడు. ఆ పొద్దునే నారాయణగూడలో కొత్త ఫోను కొని, డబ్బా చంకలో పెట్టుకుని నాకు చూపించడానికి వచ్చాడు. ఇంకా సిమ్ కూడా వేయలేదు.

"అక్కా, నీ కెమెరా ముసల్దైంది. దీంతోని తీస్తే దెబ్బకు పాసైతది," అన్నాడు.

మామూలుగా అయితే వాణ్ణి ఉతికి ఆరేసేదాన్ని. మెగాపిక్సెళ్ళు లెక్కపెట్టుకునేవాళ్ళంటే నాకు పడదు. ఫోటో అంటే గాజు, వెలుతురు, ఎదుటి మనిషి. ఇప్పటి ఫోన్లు ఫోటో తీయవు, తమకు నచ్చినట్టు బొమ్మ గీసి ఇస్తాయి. కానీ ఆ రోజు కోపం ఆఫీసు మీద ఉంది కాబట్టి, సరే కానీ, ఎవరిది ఏపాటిదో తేల్చేద్దాం అన్నాను.

అదే స్టూలు, అదే తెల్ల గుడ్డ, అవే రెండు గొడుగు లైట్లు. ముందు నా ఫోనుతో తీశాను. తర్వాత రవి పాత ఫోనుతో, చివరగా కొత్తదానితో. మూడుసార్లూ మల్లయ్యకు ఒకటే చెప్పాను: నా గొంతు వచ్చే వైపు మొహం పెట్టు, కదలకు. ఆయన కదల్లేదు. రెప్పలు మూసే ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను, రవి చూస్తూనే ఉన్నాడు.

మూడింటినీ వైరుతో ఎక్కించి కంప్యూటర్లో పక్కపక్కన పెట్టాం. నా ఫోను ఉన్నది ఉన్నట్టు చూపించింది, కాకపోతే నీడ దగ్గర మసక. రవి పాత ఫోను మల్లయ్యను రెండింతలు తెల్లగా చేసి, బుగ్గల మీద మచ్చలన్నీ చెరిపేసింది. ఏళ్ళ తరబడి ఎండలో గోడలు కట్టిన మనిషి మొహానికి పౌడరు పూసినట్టుంది. ఎవడు అడిగాడు దాన్ని? నల్లగా ఉండటం వీళ్ళ కంపెనీలకు రోగంలా కనబడుతుందా?

ఆ తిట్లు తిడుతూనే మూడో ఫోటో వైపు చూశాను.

కొత్త ఫోను తీసిన ఫోటోలో మల్లయ్య రంగు సరిగ్గా ఉంది. మచ్చలు ఉన్నాయి. తెల్లబడిన మీసంలో ఒక్కో వెంట్రుక లెక్కపెట్టొచ్చు. కళ్ళు తెరిచి ఉన్నాయి.

"చూసినవా అక్కా! ఎక్కించు, ఎక్కించు," అని రవి ఎగిరి గంతేశాడు.

నేను కుదరదన్నాను. కళ్ళు తెరిచిన ఫోటోతో అంధుల కార్డు తీసుకుంటే, రేపు ఎవడో ఒక అధికారి, వీడికి కళ్ళున్నాయి, దొంగ అని కార్డు గుంజుకుంటాడు. పింఛను పోవడమే కాదు, కేసు కూడా పెడతారు. పైగా అది ఆయన మొహం కాదు. యంత్రం ఎవరివో కళ్ళు తెచ్చి అతికించింది. గుడ్డివాడి మొహానికి గాజు గోలీలు పెట్టి ఇదుగో నీ ఫోటో అంటే, అంతకంటే అవమానం ఉందా? చెరిపేయమని రవి మీద అరిచాను.

అరుపులు విని, కుడిపక్క గొడుగు లైటు వెనక నిల్చున్న ఎల్లమ్మ మా దగ్గరికి వచ్చింది. కంప్యూటర్ను చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఎడమ కన్నుల, తెల్ల గుడ్డు మీద, ముక్కు దిక్కు ఒక నల్ల సుక్క ఉండాలె. జర చూడమ్మా, ఉన్నదా?"

మూడు ఫోటోలు పక్కపక్కన పెట్టిన ఆ సైజులో ఆమెకు అది కనబడే అవకాశం లేదు. నాకే కనబడలేదు. ఫోటో పెద్దది చేశాను. ఎడమ కంట్లో, ముక్కు వైపు, ఆవగింజలో సగమంత నల్ల చుక్క ఉంది.

"పెండ్లినాడు తలంబ్రాలు పోస్తుంటె మొదలు గదే చూసిన," అంది ఎల్లమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏమైంది, ఏమైందని మల్లయ్య స్టూలు మీంచే అడుగుతున్నాడు.

ఇక్కడ కొన్ని సంగతులు స్పష్టంగా చెప్పాలి. మల్లయ్యకు కళ్ళున్న రోజుల్లో తీసిన ఫోటో ఒక్కటీ లేదు. పెళ్ళికి ఫోటోలు తీయించుకునే స్తోమత వాళ్ళకు లేదు. రేషన్ కార్డు, పాత అంధుల కార్డు, ఆధార్, అన్నీ ప్రమాదం తర్వాతివే. మూడూ నేను చూశాను, అన్నింట్లోనూ రెప్పలు మూసే ఉన్నాయి.

మూసిన కళ్ళు తెరిపించే సౌకర్యం ఆ ఫోనులో ఉన్నమాట నిజమే. రవి తర్వాత కనుక్కున్నాడు. కానీ దానికి అదే మనిషి కళ్ళు తెరిచి ఉన్న ఫోటో ఇంకోటి ఆ ఫోనులోనే ఉండాలట. ఆ ఫోనులో అప్పటికి ఉన్నవి రెండే ఫోటోలు. ఒకటి రవి తిన్న ఇడ్లీ, ఇంకోటి ఆఫీసును తిడుతున్న నేను. సిమ్ లేదని ముందే చెప్పాను. స్టూడియో వైఫై పాస్‌వర్డ్ వాడికి నేను ఏనాడూ ఇవ్వలేదు.

ఆ వెంటనే అదే ఫోనుతో పదకొండు ఫోటోలు తీశాను. లైటు మార్చి, మార్చకుండా, దగ్గర నుంచి, దూరం నుంచి. పదకొండింటిలోనూ కళ్ళు మూసే ఉన్నాయి. మొదటి ఫోటో అసలు ఫైలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాన్ని ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళకు చూపించాను. ఒకాయనైతే చూడకుండానే ఏఐ అని టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ చుక్క సంగతేమిటయ్యా అంటే, అదృష్టవశాత్తూ కుదిరిందేమో అన్నాడు. కుదరడానికి అదేమైనా లాటరీయా?

కార్డు సంగతి చెబుతాను. నేను ఆ ఫోటో పెట్టలేదు. నా కెమెరాతో తీసిన, కళ్ళు మూసిన ఫోటో ప్రింటు పట్టుకుని, స్టూడియోకు తాళం వేసి, వాళ్ళిద్దరినీ ఆటో ఎక్కించుకుని ఆ ఆఫీసుకు పోయాను. కంప్యూటర్ ఒప్పుకోదమ్మా అన్నాడు కౌంటర్లో మనిషి. కంప్యూటర్ను బయటికి పిలువు, నేను మాట్లాడతానన్నాను. మూడుసార్లు తిరిగాం. మూడోసారి నా గొంతు పై అంతస్తు దాకా వినబడి ఉండాలి. పెద్ద అధికారి దిగొచ్చి, ఫోటో చేత్తో తీసుకుని, సంతకం పెట్టాడు. అరనిమిషం పని అది.

కార్డు వచ్చిన రోజు ఇద్దరూ స్టూడియోకు వచ్చారు. కార్డు మీద మల్లయ్య ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. ఎల్లమ్మ అప్పుడు నోరు తెరిచి అడిగింది, ఆ కళ్ళు తెరిచిన ఫోటో కూడా కావాలని. నాకు ఇష్టం లేదు. అది దొంగ ఫోటో అనే అప్పటికీ నా మొండిపట్టు. కానీ ఆమె మొహం చూసి కాదనలేకపోయాను. పెద్ద సైజులో వేసి ఇచ్చాను.

ఆమె దాన్ని మల్లయ్య చేతిలో పెట్టింది. ఆయన వేళ్ళతో కాగితాన్ని అటూ ఇటూ తడిమాడు. నున్నటి కాగితం, వేళ్ళకేమీ తెలియదు.

"అమ్మా, ఈ ఫోటోల నేను ఎటు దిక్కు చూస్తున్న?" అని నన్ను అడిగాడు.

అప్పటిదాకా నేను ఆ చుక్కనే చూశాను గానీ చూపును చూడలేదు. ఫోటో తీసుకుని చూశాను. ఆయన మొహం నేను చెప్పినట్టే నా వైపు ఉంది. కళ్ళు మాత్రం నా వైపు లేవు. కుడిపక్కకు తిరిగి, గొడుగు లైటు వెనక్కి చూస్తున్నాయి. ఆ రోజు ఎల్లమ్మ నిల్చున్న చోటు అది. ఫోను కంటికి ఆమె అందదు. ఏ ఫోటోలోనూ ఆమె కొంగు కూడా పడలేదు.

నాకు చెప్పబుద్ధి కాలేదు. కానీ అడిగింది ఆయన, అబద్ధం చెప్పలేను.

"ఎల్లమ్మ దిక్కు," అన్నాను.

మల్లయ్య తల ఊపాడు. ఫోటో తిరిగి తీసుకుని భార్య చేతికిచ్చాడు.

"గట్లయితె అది నేనే," అన్నాడు.